ప్లగిన్ పెట్టే ముందు మీరేం చూస్తారు?

కొత్తపలక:
వర్డ్‌ప్రెస్ అనే సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్‌లో కథల సైటు నడుపుతున్నాను. ఎవరు ఏది బాగుందంటే అది పెట్టుకుంటూ పోయాను, లెక్క చూస్తే సైటుకి అదనపు సౌకర్యాలు జోడించే ప్లగిన్లు 31 తేలాయి. సగం ఎందుకు పెట్టానో నాకే గుర్తులేదు. నిన్న ఒకదాన్ని అప్‌డేట్ చేయగానే స్క్రీనంతా తెల్లగా అయిపోయింది, లాగిన్ పేజీ కూడా రాలేదు. రాత్రి రెండింటిదాకా ఒకటే టెన్షన్. ఎలాగో బయటపడ్డాను. అసలు మీరు ఒక ప్లగిన్‌ని ఏం చూసి నమ్ముతారు?

పాతకాపు:
నేను ముందు చూసేది స్టార్ రేటింగ్ కాదు, తేదీ. చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ చేశారు, ఏ వర్డ్‌ప్రెస్ వెర్షన్ దాకా పరీక్షించారు అన్నవి ప్లగిన్ పేజీలోనే ఉంటాయి. తర్వాత సపోర్ట్ విభాగంలోకి వెళ్లి, విసుక్కున్నవాళ్లకి డెవలపర్ ఎలా జవాబిచ్చాడో చదువుతాను. మనిషి ఇంకా పనిలో ఉన్నాడా, వదిలేసి పోయాడా అన్నది అక్కడే తెలిసిపోతుంది. రెండేళ్లుగా ఎవరూ ముట్టుకోని ప్లగిన్ జోలికి నేను పోను.

రాత్రిపక్షి:
లక్షలమంది వాడుతున్నారు కదా అని ధీమా పడేవాళ్లకి ఒక మాట. 2020 సెప్టెంబరులో ఫైల్ మేనేజర్ ప్లగిన్ సంగతి గుర్తుందా? అప్పటికి 7 లక్షలకు పైగా సైట్లలో ఉంది. అందులో వాడిన ఎల్‌ఫైండర్ అనే రెడీమేడ్ కోడ్ లైబ్రరీతో ఒక నమూనా ఫైలు వస్తుంది. దాని పేరు మార్చి, సర్వర్ మీద నేరుగా నడిచే పీహెచ్‌పీ కోడ్ ఫైలుగా వదిలేశారు. ఇంకేముంది, పాస్‌వర్డ్ లేకుండానే ఎవరైనా సర్వర్‌లోకి ఫైళ్లు ఎక్కించొచ్చు. ఆ ప్లగిన్ 6.9 వెర్షన్‌లో సరిచేశారు గానీ, అప్పటికే దాడులు మొదలైపోయాయి.

అక్షరం:
అయితే డీయాక్టివేట్ చేసి ఉంచితే చాలదా అండీ? ఎప్పటికైనా పనికొస్తాయని ఓ పది అలాగే ఉంచాను.

రాత్రిపక్షి:
చాలదండీ. ఫైళ్లు సర్వర్ మీదే ఉంటాయిగా. పైన చెప్పిన ఫైలును బ్రౌజర్ నుంచి నేరుగా పిలవొచ్చు, ప్లగిన్ ఆన్‌లో ఉందా లేదా అన్నదానితో దానికి పనిలేదు. వాడనివి డిలీట్ చేసేయండి.

చిలకపచ్చ:
నా కథ కూడా వినండి, సిగ్గు విడిచి చెబుతున్నాను. డబ్బు పెట్టి కొనాల్సిన ప్లగిన్ ఒకటి ఎక్కడో ఉచితంగా దొరికితే దింపుకున్నాను. నెలరోజులు బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ తర్వాత ఒక పాఠకురాలు మెయిల్ పెట్టింది, ‘మీ సైటు తెరిస్తే జూదం పేజీ వస్తోంది’ అని. నేను తెరిస్తే మామూలుగానే ఉంది. ఆమె పొరబడిందనుకుని వారం రోజులు పట్టించుకోలేదు. సెర్చ్ నుంచి వచ్చేవాళ్లని మాత్రమే దారి మళ్లిస్తోందని తర్వాత తెలిసింది. అడ్మిన్‌గా లాగిన్ అయి ఉన్న నాకు కనబడకుండా జాగ్రత్తపడ్డారన్నమాట! యూజర్ల జాబితాలో నేను పెట్టని అడ్మిన్ ఖాతా కూడా ఒకటి ఉంది. ప్లగిన్ తీసేసినా అది మిగిలిపోయేదే. చివరికి పాత బ్యాకప్ నుంచి సైటంతా మళ్లీ నిలబెట్టి, పాస్‌వర్డ్లన్నీ మార్చుకున్నాను.

పాతకాపు:
అసలు దారిలో వచ్చిన వాటిలోనూ ఆ బెడద ఉంది. డిస్‌ప్లే విడ్జెట్స్ అని సుమారు 2 లక్షల సైట్లలో ఉండే ప్లగిన్. పాత డెవలపర్ అమ్మేశాడు, కొన్నవాళ్లు అప్‌డేట్ పేరుతో దొడ్డిదారి పెట్టి సైట్లలోకి చెత్త పోస్టులు ఎక్కించారు. 2017లో దాన్ని వర్డ్‌ప్రెస్ అధికారిక ప్లగిన్ డైరెక్టరీ నుంచి తీసేశారు. అందుకే యజమాని మారినట్టు తెలిస్తే మార్పుల చిట్టా ఒకసారి చదువుతాను.

అక్షరం:
మరి ఆటో అప్‌డేట్ పెట్టుకోవాలా వద్దా?

రాత్రిపక్షి:
పెట్టుకోండి. వర్డ్‌ప్రెస్ 5.5 వెర్షన్ నుంచి ప్లగిన్ల పేజీలోనే, ఒక్కోదానికి విడిగా ఆన్ చేసుకునే వీలుంది. లోపం బయటపడ్డాక దాడి చేసేవాళ్లు మన తీరిక చూసుకుని రారు.

పాతకాపు:
అన్నిటికీ వద్దంటాను. డబ్బు చెల్లింపులు, ఫారాలు చూసే ప్లగిన్లను నేను ముందు స్టేజింగ్ కాపీలో, అంటే పరీక్ష కోసం పెట్టుకున్న సైటు నకలులో, అప్‌డేట్ చేసి చూస్తాను. అయితే రోజుల తరబడి సైటు మొహం చూడనివాళ్లకి మాత్రం రాత్రిపక్షి గారి మాటే సరైనది.

చిలకపచ్చ:
కొత్తపలక గారూ, మళ్లీ తెల్ల స్క్రీన్ వస్తే ముందు అడ్మిన్ మెయిల్ చూడండి. వర్డ్‌ప్రెస్ 5.2 నుంచి, పాడైన సైటులోకి లాగిన్ అయ్యే రికవరీ మోడ్ లింకు దానికే వస్తుంది. రాకపోతే ఫైల్స్‌లోకి వెళ్లి ఆ ప్లగిన్ ఫోల్డర్ పేరు మార్చండి, అది ఆగిపోతుంది. ఇంకోటి, బ్యాకప్ ఉందనుకోవడం వేరు, దాన్ని తిరిగి ఎక్కించి చూడటం వేరు. నాకు మొదటి రెండు బ్యాకప్‌లూ తెరుచుకోలేదు.

కొత్తపలక:
బ్యాకప్ తీసుకుని 14 పీకేశాను. సైటు బానే ఉంది గానీ, పాత కథల్లో ఫొటోలు ఉండాల్సిన చోట బ్రాకెట్లలో ఏవో షార్ట్‌కోడ్లు (ప్లగిన్‌ని పిలిచే చిన్న గుర్తులు) బయటపడ్డాయి. గ్యాలరీ ప్లగిన్ తీసేసినందుకట. కూర్చుని ఒక్కొక్కటీ చేత్తో సరిచేస్తున్నాను, ఇంకా 60 కథలున్నాయి.