ఎన్టీఆర్ యుగంధర్ చూసినోళ్లు ఉండారా?

కావలి కుర్రోడు:
అన్నా, రాత్రి మా నాయనతో కూర్చోని అమితాబ్ డాన్ చూశా, 1978ది. డాన్ చచ్చిపోతే అచ్చం అట్టనే ఉండే విజయ్‌ని పట్టుకొచ్చి గ్యాంగులోకి పంపిస్తాడు డీఎస్పీ, బానే ఉంది, ఆ సంగతి డిపార్ట్‌మెంట్‌లో ఇంకొకడికి కూడా చెప్పడంట, అదేం ప్లానబ్బా? మా నాయనేమో దీన్నే తెలుగులో ఎన్టీఆర్‌తో తీసిన యుగంధరే బాగుంటాదంటాడు. చూడొచ్చా?

ఒంగోలు బాబాయ్:
చెప్పుంటే ఇంక సినిమా యాడుందబ్బాయ్? ఆ డీఎస్పీ పోతానే విజయ్ పని గోవిందా, పోలీసులు డాన్ అనుకోని ఎంటపడతారు, గ్యాంగోళ్లు దొంగ డాన్ అని ఎంటపడతారు, మధ్యలో గ్యాంగు గుట్టంతా ఉండే డైరీ ఒక్కటే దిక్కు. కథ రాసిన సలీం-జావేద్ బిగించిందే అక్కడ. ఖైకే పాన్ పాట షూటింగ్ అయిపోయినాక, సెకండాఫ్‌లో కాస్త ఊపిరాడాలని మనోజ్ కుమార్ చెప్తే పెట్టారు, ఇప్పుడు జనానికి అదే గుర్తు.

వెంకటగిరి చీర:
యుగంధర్ 1979. తీసిన కె.ఎస్.ఆర్. దాస్ మా వెంకటగిరి ఆయనే, మోసగాళ్లకు మోసగాడు కూడా ఆయనదే. సంగీతం ఇళయరాజా, జయసుధ హీరోయిన్. పాటల కోసమైనా చూడు తమ్ముడూ.

మాగుంట లేఅవుట్:
నాకు ఇదే కథతో వచ్చిన 2009 బిల్లానే. ప్రభాస్ స్టైల్‌కి టికెట్ డబ్బులు వచ్చేసినట్టే, పోలీసాఫీసర్‌గా కృష్ణంరాజు. కథ కోసమైతే మాత్రం బాబాయ్ చెప్పిన పాతదే, స్టైల్ ఎక్కువైపోయి, బిల్లా బదులు గ్యాంగులోకి పోయే రంగా పడే భయం ఇందులో ఆనలా.

కావలి కుర్రోడు:
సరే, ఈ ఆదివారం యుగంధర్. నాయన గెలిచాడు.