పిల్లలకు హయా (సిగ్గు, బిడియం), చూపు దించుకోవడం నేర్పడం: ముందు అబ్బాయికా, అమ్మాయికా?

ఆనందపేట అమ్మీ:
అస్సలాము అలైకుమ్. మాది గుంటూరు ఆనందపేట. బాబుకి 12, పాపకి 8. సాయంత్రం ఇద్దరూ ఖురాన్ చదువు చెప్పే మక్తబ్‌కి వెళ్తారు. పోయిన వారం పాప వచ్చి "అమ్మీ, రేపటి నుంచి పిన్ను పెట్టి స్కార్ఫ్ కట్టు, జారితే ఆపా (టీచరమ్మ) తిడుతోంది" అంది. బాబుకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు. వాడు మొన్నామధ్య బస్టాండులో ఎదుటి బల్ల మీద కూర్చున్న కాలేజీ అమ్మాయిని రెప్ప వేయకుండా చూస్తున్నాడు. ఆ పిల్ల చున్నీ సర్దుకుంది, అటు తిరిగి కూర్చుంది, చివరికి బ్యాగు తీసుకుని లేచి వెళ్ళిపోయింది. నేను వాడి గడ్డం పట్టుకుని మొహం ఇటు తిప్పాను. "నేనేం చేశాను, చూశానంతే" అన్నాడు. వాడికి నిజంగానే తెలియదు. నేనూ చెప్పలేదు మరి. ఖురాన్‌లోని సూరా నూర్ అనే అధ్యాయంలో చూపు దించుకోమని మగవాళ్ళకి 30వ ఆయత్‌లో (వాక్యంలో) చెప్పాకే, 31లో ఆడవాళ్ళకి చెప్పారు. మన ఇళ్ళలో ఇది ఎందుకు తిరగబడింది? మీరు మీ పిల్లలకి ఎప్పుడు, ఎలా చెప్పారు?

యార్డ్ భాయ్:
వ అలైకుమ్ అస్సలామ్ చెల్లమ్మా. ఆయత్‌లు ఏ వరుసలో ఉన్నాయని లెక్క చూసుకుంటూ ఇల్లు నడపలేం. 31లో ఖిమార్ (తల, ఛాతీ కప్పుకునే గుడ్డ) సంగతి కూడా ఉంది, అది మీరు వదిలేశారు. ప్రవక్త 7 ఏళ్ళకి నమాజ్ చెప్పమన్నారు, 10కి పక్కలు వేరు చేయమన్నారు. అంటే చిన్నప్పుడే అలవాటు చేయమనే కదా. ఎనిమిదేళ్ళప్పుడు కడితే స్కార్ఫ్ అలవాటవుతుంది. పదిహేనేళ్ళకి కట్టమంటే ఎదురు తిరుగుతుంది. మొక్కై వంగనిది మానై వంగదు.

తారాపేట:
ముందు ఫోను సంగతి చూడండి. బస్టాండులో అమ్మాయి లేచి వెళ్ళిపోయింది. ఫోనులో షార్ట్స్ వీడియోల్లో వచ్చేవాళ్ళు లేచి వెళ్ళరు.

ఆనందపేట అమ్మీ:
భాయ్, స్కార్ఫ్ వద్దని నేనెక్కడ అన్నాను? రోజూ నా చేత్తోనే కడుతున్నాను. మీరు చెప్పిన హదీస్‌లో "మీ పిల్లలకు" అని ఉంది. అందులో కొడుకులు లేరా? బస్టాండు సంగతి మా నాన్నమ్మకి చెబితే ఫజల్ గారి కథ చెప్పింది. ప్రవక్త ఆఖరి హజ్‌లో, ఆయన చిన్నాన్న కొడుకు ఫజల్ గారు ఆయన వెనకాల ఒకే వాహనం మీద ఉన్నారు. ఖస్అమ్ తెగ స్త్రీ ఒకామె, ముసలి తండ్రి తరఫున హజ్ చేయవచ్చా అని అడగడానికి వచ్చింది. కుర్రాడు ఆమెనే చూస్తుంటే ప్రవక్త చేత్తో అతని మొహం పక్కకి తిప్పారు. ఆమెను పొమ్మనలేదు. అడిగినదానికి జవాబు చెప్పి పంపారు.

యార్డ్ భాయ్:
ఆమె ఇహ్రామ్‌లో (హజ్ దీక్షలో) ఉంది. ఇహ్రామ్‌లో స్త్రీలు నఖాబ్ (మొహం మీద ముసుగు) వేయరు. అందుకే ఏమీ అనలేదు. ఇది మీ వాదనకి పనికిరాదు.

ఆనందపేట అమ్మీ:
ఆమె బట్టల గురించి నేను మాట్లాడటం లేదు భాయ్. ఆ కుర్రాడి మొహం గురించి మాట్లాడుతున్నాను.

యార్డ్ భాయ్:
ఇహ్రామ్ అనే మాటకి జవాబు చెప్పండి ముందు.

భవానీపురం:
మాది విజయవాడలో ఒకే గది అద్దె ఇల్లు, నలుగురం. సూరా నూర్ 58లో మూడు వేళలు చెప్పారు: ఫజర్‌కి (తెల్లవారుజాము నమాజ్‌కి) ముందు, మధ్యాహ్నం బట్టలు సడలించుకునే వేళ, ఇషా (రాత్రి నమాజ్) తర్వాత. ఆ వేళల్లో పసిపిల్లలు కూడా అడిగి రావాలి. మాకు తలుపు ఎక్కడిది? పాత చీర అడ్డంగా కట్టాం. మావాడు ఐదేళ్ళప్పటి నుంచి చీర ఇవతల ఆగి "అబ్బా (నాన్నా), రానా?" అంటాడు. ఇప్పుడు పక్కింటి గుమ్మంలో కూడా ఆగి, అటు తిరిగి పిలుస్తున్నాడు. మేం చూపు గురించి వేరే పాఠం చెప్పలేదు.

లెక్కల టీచర్:
నేను ముస్లింని కాను, గుంటూరులో హైస్కూల్లో చెబుతాను. ఒక మాట అడగాలి. మా ఎనిమిదో తరగతిలో ఒక బాబు నేను ప్రశ్న వేస్తే నేల చూపులు చూసేవాడు. లెక్కలేనితనం అనుకుని "నా కళ్ళలోకి చూసి చెప్పు" అని అందరి ముందు గద్దించాను. చెవులు ఎర్రబడ్డాయి గానీ తల ఎత్తలేదు. ఆడవాళ్ళ ముందు చూపు దించుకోమని ఇంట్లో నేర్పారని తర్వాత వాళ్ళమ్మగారు వచ్చి చెబితే తెలిసింది. ఆ పిల్లవాడిని నిలబెట్టిన తీరు ఇప్పటికీ బాధగా ఉంది. టీచర్‌ని కూడా చూడకూడదా?

ఆలిమ్ (మత పండితుడి) కోర్సు విద్యార్థి:
అలా లేదండి మేడమ్. ఆయత్‌లో "మిన్ అబ్సారిహిమ్" అని ఉంది. "మిన్" అంటే చూపులో కొంత అని చాలామంది వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. పాఠం కోసం చూడటం వేరు, ఆశతో చూడటం వేరు. ప్రవక్త తన అల్లుడు అలీ గారితో, చూపు వెంట మరో చూపు వేయకు, మొదటిది నీకు చెల్లుతుంది, రెండోది చెల్లదు అన్నారు. పిల్లలకి రెండో చూపు గురించి చెప్పాలి. "తల వంచుకో" అని ఊరుకుంటే మెడ వంగుతుంది, అంతే.

యార్డ్ భాయ్:
అబ్బాయిల గురించి ఇంత చెబుతున్నారు. బయట అబ్బాయిలందరికీ మీరు నేర్పే లోపు ఇంట్లో ఆడపిల్ల గతేంటి? చెల్లమ్మ కొడుకుని సాకుగా పెట్టుకుని పర్దాని తక్కువ చేస్తోంది. చదువుకున్నవాళ్ళ తీరే ఇది.

ఆనందపేట అమ్మీ:
చదువుకున్నదాన్నా? నేను తొమ్మిదో తరగతితో ఆగిపోయాను భాయ్. ఒకడు నాలుగు నెలలు సైకిల్ మీద వెంటపడ్డాడు. నేను బురఖాలోనే వెళ్ళేదాన్ని. నాన్నకి చెబితే మర్నాటి నుంచి బడి మాన్పించారు. వాడు మాత్రం పది రాసి, డిగ్రీ చేసి ఉద్యోగం తెచ్చుకున్నాడు. నా పుస్తకాల అట్టలు మా అమ్మ సామాన్ల కింద పరిచింది. నేను పర్దాని తక్కువ చేస్తున్నానా?

తారాపేట:
భాయ్, ఆమెకి ఆ మాట అనాల్సింది కాదు.

యార్డ్ భాయ్:
తప్పు మాట అన్నాను. మాఫ్ చేయమ్మా. నా సంగతి కూడా చెబుతా. మా అమ్మాయి ఇంటర్. నిండా కప్పుకునే వెళ్తుంది. ఆటోలో ఎవడో ఫోన్‌తో మొహం ఫొటో తీసి, ఏదో పాట తగిలించి గ్రూపుల్లో తిప్పాడు. నేను తెల్లారకముందే మిర్చి యార్డుకి పోతాను, చీకటి పడ్డాకే వస్తాను. ఎవరు కాపలా ఉంటారు? అందుకే చిన్నదానికి ఆరేళ్ళకే కట్టేశాను.

ఆనందపేట అమ్మీ:
ఎవరు తీశారో తెలిసిందా?

యార్డ్ భాయ్:
తెలిసింది. మన పేటవాడే. నమాజులో వాళ్ళ నాన్న నా పక్కనే నిలబడతాడు. నాకు అప్పు ఇచ్చినవాడు. వెళ్ళి అడగలేకపోయాను.

ఆనందపేట అమ్మీ:
మరి పెద్దమ్మాయి?

యార్డ్ భాయ్:
రెండు నెలలైంది కాలేజీకి వెళ్ళి. "నేనేం చేశాను అబ్బా" అంటుంది. నా దగ్గర జవాబు లేదు.

ఆనందపేట అమ్మీ:
మా నాన్న కూడా నాకు జవాబు చెప్పలేదు భాయ్. ఇరవై ఏళ్ళైంది. ఆయన మంచివాడే. మీ అమ్మాయిని సోమవారం పంపండి, కావాలంటే కాలేజీ గేటు దాకా నేను తోడు వస్తాను. ఆదివారం మక్తబ్‌లో చదువు చెప్పే హజ్రత్ గారితో మాట్లాడబోతున్నాను. అబ్బాయిల జమాత్‌కి (తరగతికి) 30వ ఆయత్ అర్థంతో చెప్పమని, ఫోనులో ఫొటోలు తీయడం కూడా అందులో కలిపి చెప్పమని. ఆడదాన్ని, నేనొక్కదాన్నే అడిగితే సరే చూద్దాం అని వదిలేస్తారు. మీరు కూడా ఉంటే బాగుంటుంది.

యార్డ్ భాయ్:
ఆదివారం యార్డు సెలవు. వస్తాను. ఖిమార్ విషయంలో నా మాట మాత్రం మారలేదు.

భవానీపురం:
ఆ అప్పు ఇచ్చినాయన్ని కూడా పిలవండి భాయ్.