ఓపెన్ డి మైనర్ శ్రుతిలో మూడో తీగను ఏం చేయాలి?

అలిపిరి_తీగలు (తిరుపతి):
అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఎం.ఎస్సీ. చదువుతున్నాను. నాలుగేళ్లుగా ఉక్కు తీగల గిటారును మామూలు శ్రుతిలోనే (ఆరో తీగ నుంచి ఈ, ఏ, డి, జి, బి, ఈ) వాయిస్తున్నాను. మా అక్క అన్నమాచార్య సంకీర్తనలు నేర్చుకుంటోంది. ఇంట్లో ఆమె సాధన చేసేటప్పుడు ఫోనులోని తంబూరాకు బదులు గిటారుతో ఆధారం ఇవ్వాలనిపించి, ఏమీ నొక్కకుండా తీగలన్నీ మీటితేనే మైనర్ కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల కూర్పు) పలికే శ్రుతి కోసం వెతికాను. మొదట కనిపించిన పట్టికలో ఓపెన్ ‘ఈ’ (E) మైనర్ (ఈ, బి, ఈ, జి, బి, ఈ) ఉంది. దాని ప్రకారం బిగిస్తుండగా నాలుగో తీగ తెగి వేలికి తగిలింది. ఆ భయంతో రెండోసారి ఓపెన్ డి మైనర్‌కు, అంటే ఆరో తీగ నుంచి వరుసగా డి, ఏ, డి, ఎఫ్, ఏ, డి స్వరాలకు దించుకున్నాను.

ఉత్తగా మీటితే చాలా నిండుగా ఉంది. అయితే తీగలు వదులై కింది ఫ్రెట్ల (మెడ మీది అడ్డ పట్టీల) దగ్గర జివ్వుమంటున్నాయి. మామూలు శ్రుతిలో నాకు తెలిసిన కార్డ్ ఆకారాల్లో ఒక్కటీ ఇక్కడ పనికిరావడం లేదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, అక్క ఖరహరప్రియ రాగంలో పాడుతూ గాంధారం మీదికి వచ్చినప్పుడల్లా నా గిటారు ఆమెతో తగవు పెట్టుకున్నట్టు వినిపిస్తోంది. దీనికి మార్గం చెప్పగలరా?

కాపో_చిత్తూరు:
తీగ తెగడంలో తప్పు మీది కాదు, ఆ పట్టికది. ఓపెన్ ఈ మైనర్‌లో ఐదు, నాలుగు తీగలను రెండేసి ఫ్రెట్ల మేర పైకి బిగించాలి. దానివల్ల ఒక్కో తీగ మీద బిగువు దాదాపు 26 శాతం పెరుగుతుంది. పాత తీగ అయితే ఆ భారానికి తట్టుకోకపోవచ్చు. మీరు ఇప్పుడు పెట్టుకున్న డి మైనర్‌లో ఏ తీగనూ పైకి బిగించనక్కర్లేదు. ఐదు, నాలుగు తీగలు ఉన్నచోటే ఉంటాయి, మిగిలిన నాలుగూ రెండేసి ఫ్రెట్ల మేర దిగుతాయి. ‘ఈ’ (E) మైనరే కావాలంటే ఇదే శ్రుతిలో రెండో ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కి ఉంచే బిగింపు) పెట్టుకుంటే సరిపోతుంది.

దించిన తీగల్లో బిగువు 20 శాతం తగ్గుతుంది కాబట్టి మెడ కొద్దిగా నిటారై, తీగలు ఫ్రెట్లకు దగ్గరవుతాయి. మీరు చెప్పిన జివ్వుమనే చప్పుడుకు కారణం అదే. మీ గిటారుకు 10 నంబరు సన్న తీగలు ఉంటే కాస్త లావైన 12 నంబరు సెట్టుకు మారండి. మెడ వంపును సరిచేసే లోపలి రాడ్డును తిప్పే ముందు తీగలు మార్చి రెండు రోజులు చూడటం మంచిది. ట్యూనర్ (శ్రుతి చూపే పరికరం) లేనప్పుడు నాలుగో తీగను ఆధారంగా తీసుకోండి. దాని మూడో ఫ్రెట్‌తో మూడో తీగ, మూడో తీగ నాలుగో ఫ్రెట్‌తో రెండో తీగ, రెండో తీగ ఐదో ఫ్రెట్‌తో మొదటి తీగ కలవాలి. ఆరో తీగను ఏడో ఫ్రెట్ దగ్గర నొక్కితే ఐదో తీగ పలకాలి. దించేటప్పుడు కావలసినదానికన్నా కాస్త కిందికి పోయి, అక్కడి నుంచి పైకి బిగిస్తూ వస్తే శ్రుతి నిలుస్తుంది.

ఇక కార్డ్‌ల సంగతి. ఈ శ్రుతి రుచి అంతా మూడో తీగలోనే ఉంది. దాన్ని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక్క వేలితో నొక్కితే మైనర్ కాస్తా మేజర్ అయిపోతుంది. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలోని బెంటోనియాకు చెందిన బ్లూస్ గాయకుడు స్కిప్ జేమ్స్ 1931లో రికార్డులు ఇచ్చినప్పుడు వాడింది ఈ కోవకు చెందిన ఓపెన్ మైనర్ శ్రుతే, బ్లూస్ వాయించేవారు దీన్ని క్రాస్ నోట్ అని పిలుస్తారు. ఐదో తీగనూ రెండో తీగనూ మొదటి ఫ్రెట్ దగ్గర నొక్కి ఆరో తీగను వదిలేస్తే బి ఫ్లాట్ మేజర్ వస్తుంది. ఆ వేళ్లు తీయకుండానే మూడో తీగ రెండో ఫ్రెట్ మీద ఇంకో వేలు పెడితే జి మైనర్ అవుతుంది. మూడు, రెండు తీగలను ఖాళీగా వదిలి మిగిలిన నాలుగింటినీ మూడో ఫ్రెట్ దగ్గర నొక్కితే ఎఫ్ మేజర్. ఈ మూడూ చేతికి వస్తే సగం పాటలకు సరిపోతాయి. ‘ఏ’ (A) మేజర్ మాత్రం వేళ్లకు కష్టంగానే ఉంటుంది, దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. రాగాల విషయానికి వస్తే సాధారణ గాంధారం (మైనర్ కార్డ్‌లో వినిపించే గాంధారం) ఉన్న కీరవాణి, నటభైరవి, ఆభేరి, హిందోళం, అన్నీ ఈ శ్రుతిలో ఒదుగుతాయనే అనుకుంటున్నాను.

సరళీ_వీణ (తిరుపతి):
పై సమాధానంలో వాద్యం గురించి చెప్పినదంతా బాగుంది. రాగాల గురించి చెప్పిన చివరి వాక్యంతో మాత్రం నేను ఏకీభవించలేను. హిందోళంలో పంచమం లేదు. ఈ శ్రుతిలోనేమో ఐదు, రెండు తీగలు రెండూ పంచమాలే, కాబట్టి ఖాళీగా మీటిన ప్రతిసారీ రాగంలో లేని స్వరం మోగుతుంది. హిందోళానికి ఆ రెండు తీగలనూ ‘ఏ’ (A) నుంచి జి కి, అంటే మధ్యమానికి దించుకోవాలి.

అడిగినవారి అసలు చిక్కు కూడా ఇలాంటిదే. డి ని షడ్జమం అనుకుంటే మీ తీగలు స, ప, స, గ, ప, స అవుతాయి. గాంధారం ఒక్కటి తప్ప మిగిలినవి వీణ వాయించే నాకు చాలా దగ్గరగా తోస్తాయి, ఎందుకంటే వీణ మీద వాయించే నాలుగు తీగలూ షడ్జమ పంచమాలే. కర్ణాటక గానానికి తంబూరాలో గాంధారం తీగ పెట్టరు. ఖరహరప్రియలో గాంధారం ఒకచోట నిలిచి ఉండే స్వరం కాదు, రిషభ మధ్యమాల వైపు ఊగుతూ గమకంతోనే వినిపిస్తుంది. మీ అక్కగారు దాన్ని ఊపుతుంటే మీ మూడో తీగ కదలకుండా ఒకేచోట మోగుతోంది. మీకు తగవులా వినిపించేది ఇదే.

అలాగని శ్రుతి మార్చనక్కర్లేదు. మూడో తీగను నాలుగో ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకోండి, అది పంచమమవుతుంది. అప్పుడు ఆరు తీగలూ స, ప, స, ప, ప, స అని మాత్రమే పలుకుతాయి. ఆమె పాడుతున్నంతసేపూ వేలు అక్కడే ఉంచి, చరణానికీ చరణానికీ మధ్య మీరు ఒంటరిగా వాయించేటప్పుడు వేలు తీసేస్తే మైనర్ దానంతట అదే తిరిగి వస్తుంది.

కాపో_చిత్తూరు:
హిందోళం విషయంలో నాది పొరపాటే, సరిదిద్దినందుకు కృతజ్ఞతలు. ఆ నాలుగో ఫ్రెట్ ఉపాయం ఇన్నేళ్లలో నాకు తట్టలేదు. ఒక్క మాట చేర్చాలి. గాంధారాన్ని ఖాళీగా మోగించే చోట మూడో తీగను ట్యూనర్ చూపే స్థానం కన్నా వెంట్రుకవాసి పైకి తీసుకుంటే ఇంకా తీయగా ఉంటుంది. 6:5 నిష్పత్తిలో ఉండే సహజ గాంధారం గిటారు ఫ్రెట్ల గాంధారం కన్నా సుమారు 16 సెంట్లు (ఒక ఫ్రెట్ దూరం నూరు సెంట్లు) ఎక్కువ మరి. కానీ అలా పెంచితే మొదటి ఫ్రెట్‌లోని మేజర్ కటువుగా మారుతుంది, నాలుగో ఫ్రెట్ పంచమం కూడా పక్కనున్న రెండో తీగతో సరిగా కలవదు. మీ ఇంట్లో వాడుకకు దాన్ని ట్యూనర్ చెప్పినచోటే ఉంచడం మేలు.

అలిపిరి_తీగలు (తిరుపతి):
ఇద్దరికీ ధన్యవాదాలు. 12 నంబరు తీగలు వేయించాను, జివ్వుమనడం ఆగింది. నాలుగో ఫ్రెట్ మీద వేలు పెట్టి వాయిస్తే అక్క పాట మధ్యలో ఆపలేదు, ఇంతకు ముందు ఆపేసేది. అయితే ఆమెది ఐదు శ్రుతి. ఐదో ఫ్రెట్ మీద కాపో పెడితే గిటారు గొంతు సన్నబడిపోతోంది.

సరళీ_వీణ (తిరుపతి):
ఐదు శ్రుతి అంటే జి. కాపో తీసేసి ఓపెన్ జి మైనర్‌కు మారి చూడండి. ఆరో తీగ నుంచి డి, జి, డి, జి, బి ఫ్లాట్, డి. ఆరు, ఐదు, ఒకటో తీగలు రెండేసి ఫ్రెట్ల మేర దిగుతాయి, రెండో తీగ ఒక్క ఫ్రెట్ దిగుతుంది, మిగిలిన రెండూ కదలవు. ఇక్కడ గాంధారం రెండో తీగలోకి వస్తుంది కాబట్టి, మీ వేలు ఇప్పుడు ఆ తీగ నాలుగో ఫ్రెట్ మీద ఉండాలి.