ఆఫీసు కంప్యూటరును ఎవరూ ఆపకుండా ఉండేందుకు నవ్వు పుట్టించే ఉపాయాలు చెప్పగలరా?

మా కార్యాలయంలో సాయంత్రం చివరగా వెళ్లేవారు ఫ్యాన్లు, లైట్లతో పాటు నా కంప్యూటరును కూడా ఆపివేస్తున్నారు. దానివల్ల రాత్రంతా నడవవలసిన బ్యాకప్ మధ్యలోనే ఆగిపోతోంది. ఇంటి నుండి రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా పని చేసుకుందామన్నా ఆపివేసిన యంత్రం పలకదు. వారి ఉద్దేశం కరెంటు ఆదా చేయడమే కనుక కోపగించుకోవడం నాకు ఇష్టం లేదు (మానిటరు ఒక్కటే ఆపితే నిజానికి సంతోషమే).

విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో, పవర్ బటన్ నొక్కినా ఏమీ జరగకుండా ఇప్పటికే అమర్చాను. అయితే ఆ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కిపట్టినా, గోడ మీది స్విచ్ ఆపినా ఆ అమరిక కాపాడలేదు. మా వాళ్ల పట్టుదల గోడ దాకా వెళ్లేంతటిది. "దయచేసి ఆపవద్దు" అని సీపీయూ మీద అంటించిన కాగితంపై ఎవరో టీ గ్లాసు పెట్టి వెళ్లారు.

అందువల్ల చూసినవారు నవ్వి చేయి వెనక్కి తీసుకునే ఉపాయం కావాలి. సీపీయూకు నిమ్మకాయ, మిరపకాయల దండ కట్టాలనీ, స్విచ్ పక్కన "దీనిని ఆపినవారు రేపు అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించవలెను" అని రాయాలనీ అనుకుంటున్నాను. రెండోదానికే ఎక్కువమంది భయపడతారని నా అంచనా. ఎవరినీ నొప్పించకుండా, మేనేజరు గారు చూసినా ఇబ్బంది లేకుండా, ఇంతకంటే గట్టిగా పనిచేసే మాటలు గాని, బొమ్మలు గాని మీకు తోస్తే దయచేసి తెలియజేయగలరు.