నాలుగు నెలలు కదలని మియాటా, వెనక బ్రేకులు పట్టేశాయి. కాలిపర్లు (ప్యాడ్లని డిస్కుకి నొక్కి చక్రాన్ని ఆపే భాగాలు) రెండూ మార్చాల్సిందేనా?

ఎడిసన్_గుంటూరోడు:

అందరికీ హాయ్. నాది 2003 మాజ్డా మియాటా (టాప్ తెరుచుకునే చిన్న స్పోర్ట్స్ కారు), మాన్యువల్, నిరుడు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నా, ఉండేది న్యూజెర్సీ. డిసెంబర్లో నాన్నకి మోకాలి ఆపరేషన్ అంటే గుంటూరు వెళ్ళి నాలుగు నెలలు అక్కడే ఉండిపోయా. బండి అపార్ట్‌మెంట్ లాట్‌లో ఆరుబయటే, కవర్ కూడా లేదు, పైగా వెళ్ళే ముందు రోజు స్నో పడి రోడ్ల నిండా ఉప్పు చల్లారు, అదే ఉప్పు నీళ్ళ చక్రాలతో తెచ్చి పెట్టేసి హ్యాండ్‌బ్రేక్ బలంగా లాగి వెళ్ళిపోయా. తప్పు నాదే, బండిది కాదు, తిట్టేవాళ్ళు మొదటి రెండు కామెంట్లలో తిట్టేసుకోండి.

మొన్న వచ్చి బ్యాటరీ జంప్ చేస్తే ఇంజిన్ బానే లేచింది. ఫస్ట్ గేర్‌లో క్లచ్ వదుల్తుంటే బండి గింజుకుంటోందే గానీ కదల్లేదు. రివర్స్‌లో కొంచెం గట్టిగా ఇస్తే ఢబ్బుమని సౌండ్ వచ్చి ఎడమ వెనక చక్రం వదిలింది, కుడిది ఈడ్చుకుంటూ వచ్చింది, లాట్‌లో నల్ల గీత పడింది, ఇంకో రెండుసార్లు ముందుకీ వెనక్కీ ఊపితే అదీ తిరిగింది. సరే అయిపోయింది కదా అని రెండు మైళ్ళు తిప్పి వచ్చేసరికి కాలిన వాసన. ఇన్‌ఫ్రారెడ్ గన్ పెట్టి చూస్తే కుడి వెనక డిస్క్ 310 ఫారెన్‌హీట్, ఎడమది 190, ముందువి రెండూ 120 లోపే.

దగ్గర్లో ఒక షాపులో చూపిస్తే చక్రం కూడా విప్పకుండానే కాలిపర్లు, డిస్కులు, ప్యాడ్లు, హోసులు (బ్రేక్ ఫ్లూయిడ్ వెళ్ళే రబ్బరు గొట్టాలు) అన్నీ మార్చాలి 1,400 డాలర్లు అన్నాడు. బండి కొన్నదే 4,500కి! నేనే చేసుకోగలనా? ఆయిల్ మార్చడం, ముందు ప్యాడ్లు మార్చడం వరకు వచ్చు.

మిచిగన్_మావయ్య:

చేసుకోవచ్చు అబ్బాయ్, కంగారు పడకు. నాదీ అదే తరం బండి, 2001, ఇక్కడి ఉప్పు ముందు మీ ఉప్పెంతలే. కానీ ఒక్క పార్ట్ కూడా ఇప్పుడే ఆర్డర్ పెట్టకు. పట్టేసిందంటే ఎక్కడ పట్టేసిందో తెలియాలి కదా, పట్టేయడానికి నాలుగు చోట్లున్నాయి: కేబుల్, కాలిపర్ లోపల, స్లైడ్ పిన్నులు (కాలిపర్ అటూ ఇటూ జారే కడ్డీలు), రబ్బరు హోసు. ఒక్కోదానికి ఖర్చు ఒక్కోలా ఉంటుంది.

ముందు చక్రాలకి ముందూ వెనకా చెక్క ముక్కలు గట్టిగా పెట్టు, ఎందుకంటే వెనక లేపి హ్యాండ్‌బ్రేక్ వదిలేశాక బండిని ఆపేది ఆ చెక్కలొక్కటే. జాకీతో లేపి స్టాండ్ల మీద కూర్చోబెట్టు, ఒట్టి జాకీ మీద ఉంచి కిందకి దూరావంటే మీ నాన్నగారికి ఫోన్ చేసి చెప్తా. గేర్ న్యూట్రల్, చక్రాలు విప్పి డిస్కుని చేత్తో తిప్పి చూడు.

కాలిపర్ వెనకాల హ్యాండ్‌బ్రేక్ కేబుల్ తగులుకునే చిన్న లివర్ ఉంటుంది. బ్రేక్ వదిలినప్పుడు అది పూర్తిగా వెనక్కొచ్చి దాని స్టాపర్‌కి ఆనాలి. ఆనట్లేదంటే కేబుల్ ఊడదీయి. ఊడదీయగానే లివర్ వెనక్కొచ్చిందా, కేబుల్ దోషం. అయినా రాలేదా, లివర్ షాఫ్ట్ తుప్పు పట్టిందని, అది కాలిపర్ దోషం. అక్కడా తేడా కనపడకపోతే ఎవరి చేతనైనా బ్రేక్ పెడల్ ఒకసారి తొక్కించి వదిలించి, డిస్కు బిగుసుకునే ఉంటే బ్లీడ్ నిపుల్ (కాలిపర్‌లోంచి ఫ్లూయిడ్, గాలి బయటికి వదిలే చిన్న స్క్రూ) కొంచెం వదులు చెయ్యి. ఫ్లూయిడ్ చిమ్మి డిస్కు ఫ్రీ అయిపోతే లోపల ప్రెషర్ ఇరుక్కుపోయిందన్నమాట, హోసు వైపు చూడాలి. ఫ్రీ అవ్వలేదా, హోసుతో పని లేదు, పిస్టనో (ప్యాడ్‌ని డిస్కు మీదకి తోసేది) పిన్నులో.

ఒక్కటి బాగా గుర్తుపెట్టుకో. ఈ బండిలో వెనక పిస్టన్‌ని సీ క్లాంప్‌తో నొక్కకూడదు, లోపల హ్యాండ్‌బ్రేక్ స్క్రూ ఉంటుంది, పాడైపోతుంది. కాలిపర్ వెనక 14 ఎమ్మెమ్ బోల్టొకటి ఉంటుంది చూడు, అది మూత మాత్రమే, అది తీస్తే లోపల 4 ఎమ్మెమ్ ఎలెన్ కీ పట్టే అడ్జస్టర్ ఉంటుంది. అపసవ్యంగా తిప్పితే పిస్టన్ లోపలికి, సవ్యంగా తిప్పితే బయటికి.

చెన్నై_చక్రవర్తి:

కన్వర్టిబుల్ కొనుక్కుని చలికాలమంతా ఎండకీ వానకీ వదిలేసిన మహానుభావా, నీకో దండం 🙏 తిట్టడం అయిపోయింది, ఇక సీరియస్‌గా. నేనైతే రెండు కాలిపర్లూ మార్చేస్తా, ఒకటి పోయిందంటే రెండోది లైన్లో ఉన్నట్టే, మళ్ళీ బ్లీడింగ్ (ఫ్లూయిడ్‌లో చేరిన గాలి తీసే పని) అంతా రెండోసారి ఎవడు చేస్తాడు.

మిచిగన్_మావయ్య:

ప్యాడ్లు జతగా మార్చాలి, అందులో రెండో మాట లేదు. కాలిపర్ మాత్రం బాగున్నదాన్ని తీసి పారేయడం నాకు నచ్చదు. చూసి చెప్పనీ.

కూకట్‌పల్లి_షెడ్డు:

అన్నా నేను మెకానిక్‌ని, హైదరాబాద్. మియాటా ఇండియాల అమ్మలే కాబట్టి చేతులు పెట్టలే, కానీ పట్టుకపోయిన బ్రేకులు మస్తు చూసిన. 2020 లాక్‌డౌన్ అయినంక మా షెడ్డుకి వచ్చిన బండ్లల్ల సగం ఇదే కథ, హ్యాండ్‌బ్రేక్ గుంజి ఇంట్ల కూసున్నరు అందరు. ఈడ చానా బండ్లకి వెనక డ్రమ్ములే కదా, షూలు (డ్రమ్ములకి ప్యాడ్ల లెక్క) డ్రమ్ముకి అతుక్కపోయి కొడ్తే గానీ ఊడకపోతుండె.

ఆ అన్న చెప్పిన వరస కరెక్టే, నేను రెండు మాటలు కలుపుత. హోసు బయట్నుంచి కొత్తగ కొడ్తది గానీ లోపల రబ్బరు ఉబ్బి దారి మూసుకపోతది, తొక్కినప్పుడు జోరుకి ఫ్లూయిడ్ పోతది, వదిలినంక వాపస్ రాదు. అందుకే చూసి కాదు, నిపుల్ తీసే తెల్సుకోవాలె. ఇంక స్లైడ్ పిన్నులకి మామూలు గ్రీజు అస్సలు పెట్టకు, దాంతోని రబ్బరు ఉబ్బి పిన్ను మళ్ళ పట్టుకుంటది. బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజే పెట్టాలె. తుప్పు వదిలే స్ప్రే లివర్ కాడ కొట్టు, డిస్కు మీద, ప్యాడ్ మీద ఒక్క చుక్క పడొద్దు, పడితే ఆ ప్యాడ్లు చెత్తబుట్టకే.

ఇంకోటి, ఫ్లూయిడ్ ఎన్నడు మార్చినవ్? అది గాలిల నీళ్ళు గుంజుకుంటది. డాట్ 3 రకం ఫ్లూయిడ్ కొత్తది 205 డిగ్రీల సెల్సియస్ కాడ మరుగుతది, నీళ్ళు పట్టినంక 140కి పడిపోయినా స్టాండర్డ్ లెక్కల పాసే. ఆ నీళ్ళే లోపల పిస్టన్‌కి తుప్పు పట్టిస్తయి. ఎట్లాగూ విప్పుతున్నవ్, మొత్తం మార్చెయ్.

ఎడిసన్_గుంటూరోడు:

శనివారం పొద్దున్నుంచీ చీకటి పడేదాకా దానికిందే ఉన్నా, ఇదిగో రిపోర్ట్.

కుడి వైపు నిపుల్ తీసినా డిస్కు కదల్లేదు, అంటే హోసు కాదు. కేబుల్ ఊడదీశా, లివర్ ఎక్కడున్నది అక్కడే, ఏం చలనం లేదు. స్ప్రే కొట్టి చేత్తో అటూ ఇటూ అరగంట ఆడించా, వెళ్ళడం వెళ్తోంది గానీ వెనక్కి రావడానికి తెగ మొరాయిస్తోంది, స్ప్రింగు లాగలేకపోతోంది. సో ఆ కాలిపర్ అయిపోయినట్టే.

ఎడమది వేరే కథ. లివర్ చక్కగా ఉంది, కానీ ఒక స్లైడ్ పిన్ను తుప్పుతో అతుక్కుపోయింది, లోపలి ప్యాడ్ సగానికి అరిగితే బయటిది ఇంకా కొత్తదానిలా ఉంది. పిన్నుని మెలితిప్పుతూ లాగితే చివరికి బయటికొచ్చింది, వైర్ బ్రష్, బ్రేక్ క్లీనర్, సిలికాన్ గ్రీజు, ఇప్పుడు వేలితో నెడితే జారుతోంది.

ఎలెన్ కీ దగ్గర మాత్రం గంట తగలబెట్టా 😭 కింద పడుకుని వెనకనుంచి చూస్తూ సవ్యం ఏదో అపసవ్యం ఏదో తికమకపడి, వదులు చేస్తున్నాననుకుని ఇంకా బిగించా.

అసలు విషయం ఇంకోటి. లోపల హ్యాండ్‌బ్రేక్ లివర్ దగ్గర కేబుల్ నట్టు దాదాపు చివరిదాకా బిగించి ఉంది. నేను ముట్టుకోలేదు, పాత ఓనర్ పనే.

మిచిగన్_మావయ్య:

అదీ సంగతి! హ్యాండ్‌బ్రేక్ పైదాకా వస్తోందని జనం చేసే పని అదే, కేబుల్ బిగించేస్తారు. ఎలెన్ అడ్జస్టర్‌తో ప్యాడ్లు దగ్గరికి తేవాలి గానీ కేబుల్ బిగిస్తే కాలిపర్ లివర్లు స్టాపర్‌కి ఆనవు, బ్రేక్ ఎప్పుడూ కొంచెం పట్టుకునే ఉంటుంది. ఉప్పు సగం చేసింది, నట్టు సగం చేసింది.

కేబుల్ బాగా వదులు చేసి రెండు లివర్లూ స్టాపర్‌కి ఆనాయని చూసుకో. తర్వాత ఎలెన్ కీతో డిస్కు తిరగనంత వరకు బిగించి, అక్కణ్ణుంచి మూడో వంతు చుట్టు వెనక్కి తిప్పు. పెడల్ నాలుగుసార్లు తొక్కి, డిస్కు తిరుగుతోందో లేదో చూసి, ఆఖర్న మాత్రమే కేబుల్ నట్టు ముట్టుకో. కుడి కాలిపర్ రీమ్యానుఫ్యాక్చర్డ్‌ది (పాతదాన్నే బాగుచేసి అమ్మేది) తెచ్చుకో, ప్యాడ్లు రెండు వైపులా. హోసు బోల్టుకి రాగి వాషర్లు రెండూ కొత్తవి వెయ్యి, పాతవి కారతాయి. బ్లీడింగ్ కుడి వెనక నుంచి మొదలుపెట్టు, మాస్టర్ సిలిండర్‌కి అదే దూరం.

ఎడిసన్_గుంటూరోడు:

అయిపోయింది! కాలిపర్, ప్యాడ్లు, వాషర్లు, ఫ్లూయిడ్ అన్నీ కలిపి 190 డాలర్లు. డిస్కులు మార్చలేదు, పైన తుప్పు ఖాళీ రోడ్డు మీద పది పదిహేనుసార్లు మెల్లగా బ్రేక్ వేస్తే పోయింది. ఇవాళ అదే రెండు మైళ్ళ రౌండు, కుడి 124, ఎడమ 118. హ్యాండ్‌బ్రేక్ ఆరో క్లిక్‌కి పట్టేస్తోంది. వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో 80 ఫుట్ పౌండ్లకి బిగించా, మావయ్యా సరిపోతుందా?

మిచిగన్_మావయ్య:

మాన్యువల్‌లో 65 నుంచి 87 దాకా, నీది మధ్యలోనే ఉంది. యాభై మైళ్ళు తిరిగాక ఇంకోసారి టార్క్ చూడు, హోసు బోల్టు దగ్గర తడి ఉందేమో కూడా చూడు. ఈసారి ఊరెళ్ళేటప్పుడు బండి కడిగి, కాస్త తిప్పి బ్రేకులు ఆరబెట్టి, చదునైన చోట గేర్‌లో పెట్టి చక్రాలకి చెక్కలు పెట్టి వెళ్ళు. హ్యాండ్‌బ్రేక్ జోలికెళ్ళకు.

చెన్నై_చక్రవర్తి:

కవర్ కొన్నావా లేదా

ఎడిసన్_గుంటూరోడు:

ఆర్డర్ పెట్టా బాబూ 😂

కూకట్‌పల్లి_షెడ్డు:

అన్నా పాత కాలిపర్ పారెయ్యకు, ఆడ షాపోళ్ళు కోర్ డిపాజిట్ అని పట్టుకుంటరంట గదా, ఇచ్చేసి పైసలు వాపస్ తెచ్చుకో.

ఎడిసన్_గుంటూరోడు:

అయ్యో నిజమే! డబ్బాలో పెట్టి చెత్త దగ్గర పెట్టేశా, రేపు పొద్దున్నే లారీ వస్తుంది, ఇప్పుడే కిందకి పోతున్నా