థండర్‌బర్డ్ 350కి ఆరంగుళాలు పొడవైన ఫోర్క్ పైపులు: హైదరాబాద్‌లో ఎవరైనా వేయించారా?

నిజాంపేట్_థండర్:

అన్నలూ, నాది 2014 రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ 350. వెనక సబ్‌ఫ్రేమ్ కోయించి సింగిల్ సీటు పెట్టించా. చిన్న ట్యాంకు, ఎత్తు హ్యాండిల్ కూడా అయిపోయాయి. ముందు మాత్రం ఇంకా కంపెనీ ఫోర్కే, అదే ముందు చక్రాన్ని పట్టుకునే జంట పైపులు. పక్కనుంచి ఫొటో తీస్తే చాపర్ (పొడవాటి ఫోర్కుండే కస్టమ్ బండి) తల కోసేసినట్టుంది. ఆరంగుళాలు పెంచుదామని తిరుగుతున్నా.

ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. రాణిగంజ్‌లో ఒకాయన పాత పైపుల పైన మర ఉన్న ముక్కలు, అదే స్లగ్గులు, బిగిస్తే గంటలో పని అయిపోతుందన్నాడు. ఇంకొకాయన పైపు కోసి, మధ్యలో ముక్క పెట్టి వెల్డ్ చేసి, రుద్ది క్రోమ్ ఎక్కిస్తానన్నాడు. జీడిమెట్లలో మూడో ఆయనేమో హైడ్రాలిక్ రాడ్ (జేసీబీ సిలిండర్లలో ఉండే క్రోమ్ ఉక్కు కడ్డీ) తెచ్చి కొత్త పైపులే చేసిస్తాడట, "జేసీబీనే ఆపుతుంది, నీ బండెంత" అన్నాడు.

చాసిస్ ముట్టుకోవడం నాకిష్టం లేదు. రోజూ నిజాంపేట నుంచి మాదాపూర్ ఆఫీసుకి ఇదే బండి. ఆదివారాలు అనంతగిరి. ఏ దారి మంచిదో చెప్పండి.

బాలానగర్_టర్నర్:

తమ్మీ, ఎన్ని అంగుళాలన్నది తర్వాత. ముందుగాల నీ బండి ట్రెయిల్ ఎంతున్నదో, పెంచినంక ఎంతయితదో లెక్క తీయి. ఆ ముగ్గురిలో ఒక్కడన్న ఈ మాట అడిగిండా? అడిగుండడు. ఎవడు అమ్మే సామాను వాడు చెప్పిండు.

హ్యాండిల్ తిరిగే నెక్ పైపు నడిమిట్లకెల్లి ఒక గీత గీసి నేలకు దింపు. ఆ గీత నేలను తాకిన చోటు టైరు నేలకానే చోటు కంటె ముంగట ఉంటది. ఈ రెండిటి మధ్య దూరమే ట్రెయిల్. నెక్ ఎంత వాలి ఉన్నదో అది రేక్. కొలవడానికి ఫోన్‌ల కోణం చూపించే యాప్, మేస్త్రీలు గోడకు పట్టే తూకం గుండు, టేపు చాలు. బండిని నిటారుగ నిలబెట్టి కొలువు, స్టాండు మీద వంచి కాదు.

ఇగ లెక్క. రేక్ 27 డిగ్రీలు, క్లాంపు (ఫోర్క్ పైపులను నెక్‌కు పట్టి ఉంచేది, పైన ఒకటి, కింద ఒకటి) ఆఫ్‌సెట్, అంటే నెక్ గీతకు పైపులు ఎంత ముంగటున్నయో అది, 50 మి.మీ. అనుకుందాం, నీది కొలిచి మార్చుకో. 90/90-19 టైరు కాబట్టి చక్రం వ్యాసార్థం 322 మి.మీ. దగ్గర. ట్రెయిల్ 108 వస్తది. ఆరంగుళాలు పెంచి చాసిస్ ముట్టుకోకపోతే ముందు భాగం పైకి లేస్తది, మొత్తం బండి ఎనుక చక్రం మీద వాలుతది. చక్రాల మధ్య 1350 మి.మీ. ఉంటే రేక్ ఆరు డిగ్రీల దాక పెరిగి 33కు పోతది. ట్రెయిల్ 150. అంగుళానికి డిగ్రీ అని మేం నోటిలెక్క చెప్తం, ఇక్కడ కూడ దాదాపు అంతే పడ్డది.

150 అంటే ఏమయితది? నార్సింగి దాటినంక సర్వీసు రోడ్డు మీద కిరాక్ ఉంటది, నిలువుగ పోతది, చెయ్యి వదిలినా కదలదు. కాని నువ్వు పోయేది జేఎన్టీయూ సిగ్నల్ కాడికి. నడక వేగంల హ్యాండిల్ కొంచెం తిప్పంగనే ముందు భాగం కిందికి దిగుతది, దాంతోటి హ్యాండిల్ తనంతట తనే ఇంకా పక్కకు పడిపోతది. ట్రెయిల్‌ను రేక్ సైన్‌తోటి, కొసైన్‌తోటి గుణించు: ఇప్పుడు 44 వస్తది, ఆరంగుళాలకు 68. ఆ పడిపోయే గుణం ఒకటిన్నర రెట్లయిందన్నట్టు. ఎత్తు హ్యాండిల్ వేరే పెట్టినవ్. ఫ్లైఓవర్ కింద యూటర్న్ కొట్టేటప్పుడు రెండు చేతులు దాన్ని ఆపుడుకే సరిపోతయ్, క్లచ్ ఎవరు పట్టాలె?

ఇంకోటి ఎవరూ చెప్పరు. కింది క్లాంపు నుంచి యాక్సిల్ దాక పైపు ఎంత పొడవుంటే దాని ఘనం లెక్కన వంగుడు పెరుగుతది. 24 అంగుళాలది 30 చేస్తే అదే బరువుకు రెండింతలు దగ్గర వంగుతది. పైగ రేక్ పడుకున్న కొద్ది గుంతల దెబ్బ పైపు గుండా పోదు, అడ్డం తగులుతది. పైపు లోపలికి జారకుండ వంగి పట్టేస్తది. మన కాలనీలల్ల స్పీడ్ బ్రేకర్లు ఎవరి ఇంటి ముంగట వాళ్ళు పోసుకున్నవే కదా, ఒక్కోటి ఒక్కో ఎత్తు.

ఇప్పుడు నీ ముగ్గురి సంగతి.

వెల్డింగ్ ఆయన్ను మర్చిపో. వేడి తగిలిన చోట లోహం గుణం మారుతది, పైపు వంకర పోతది, దాన్ని రుద్ది క్రోమ్ వేస్తే కంటికి కనపడదు గంతే. గట్టి ఉక్కుకు హార్డ్ క్రోమ్ అయినంక కొద్ది గంటల్లనే 190 డిగ్రీల కాడ ఓవెన్‌ల పెట్టి ఉంచాలె, లేకుంటే ప్లేటింగప్పుడు చొచ్చిన హైడ్రోజన్ లోపటనే ఉండి పెళుసు చేస్తది. పాత ఫోర్కులు క్రోమ్ చేసేటోళ్ళను "ఓవెన్ ఉన్నదా" అని అడుగు. మొహం చూస్తనే తెలుస్తది.

హైడ్రాలిక్ రాడ్ అంటే నిండు రాడ్, గుల్ల కాదు. దానికి అంత లోతు బోరు సెంటర్ తప్పకుండ కొట్టాలంటె గన్ డ్రిల్లింగ్ (లోతు బొక్క సీదా కొట్టే పద్ధతి) కావాలె. మామూలు లేత్ మీద కొడితే ఒక దిక్కు గోడ మందంగ, ఇంకో దిక్కు సన్నగ వస్తది. నీ ఫోర్క్ 41 మి.మీ. బజార్ల దొరికేవి 40, 45. 45ది తెచ్చి 41కు దింపితే పైనున్న క్రోమూ పోతది, కింద గట్టి పొరా పోతది. ఇగ జేసీబీల రాడ్ ముందుకు ఎనుకకు తోసుడు, గుంజుడు పని చేస్తది. నీ బండిల అది రోజంతా వంగుడు పని చెయ్యాలె.

స్లగ్గు నేను పూర్తిగ వద్దనను. కాని జాయింటు యాడ పడుతదో చూడు. స్లగ్గు ఎంత పొడుగుంటే జాయింటు పై క్లాంపు నుంచి అంత కిందికి దిగుతది. వంపు బలం ఎక్కువ ఉండేది కింది క్లాంపు కాడ. రెండంగుళాలదయితే పై క్లాంపు దగ్గరనే ఆగుతది, రెండు క్లాంపుల నడుమ భద్రంగ ఉంటది. ఆరంగుళాలదయితే సీదా ప్రమాదం కాడికి దిగుతది.

ఆరే కావాలంటె ఒకే ముక్క కొత్త పైపులు చేయించి, జిగ్ (ఫ్రేము కదలకుండ పట్టే చట్రం) మీద చాసిస్ నెక్ కోసి, క్లాంపులు మార్చి ట్రెయిల్ సరి చెయ్యాలె. చాసిస్ ముట్టుకోవద్దన్నవు కదా. అట్లయితే రెండంగుళాలు. ట్రెయిల్ 120 దగ్గర ఆగుతది.

ఆర్సీ_బాబాయ్:

ఇంజనీరింగ్ అన్న చెప్పాడు, నేను కాగితాల సంగతి చెప్తాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ మొదట ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణలో వచ్చిన 182ఏ కింద ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. నీ సబ్‌ఫ్రేమ్ కోత, ట్యాంకు, ఫోర్కు... వేళ్ళ మీద లెక్కపెట్టుకో బాబూ. చలాన్ కంటే నన్ను భయపెట్టేది ఇన్సూరెన్స్. యాక్సిడెంట్ అయి సర్వేయర్ వచ్చి ఫోర్క్ చూస్తే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది తప్పదు. షోలకు ట్రైలర్ మీద తీసుకెళ్ళే బండి వేరు, ఆఫీసుకెళ్ళే బండి వేరు. నేనైతే ఆఫీసుకు స్కూటర్ తెచ్చుకుంటాను.

గాజువాక_నుంచి:

మా బావగారి బండికి నాలుగంగుళాలు పెంచారండి, నేనూ కొన్నాళ్ళు నడిపాను. పైవాళ్ళు చెప్పని చిన్న చిన్నవి చెప్తాను. సైడ్ స్టాండ్ పొట్టిదైపోతుంది, బండి నేలకి వాలిపోతుంది, దానికీ ముక్క అతికించాలి. ముందు బ్రేకు గొట్టం, క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ అన్నీ పొడవువి కావాలి. హ్యాండిల్ రెండువైపులా పూర్తిగా తిప్పి చూసి మరీ పొడవు కొలవండి, నిటారుగా ఉన్నప్పుడు సరిపోయి, తిప్పితే లాగేస్తాయి. మీది కార్బురేటర్ బండి కదా, ఇంజిను వెనక్కి వాలితే ఫ్లోట్ లెవెల్ (కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే మట్టం) మారి పెట్రోలు కారొచ్చు. ఆయిల్ కొలత కూడా తేడా చూపిస్తుంది.

లుక్కే కావాలంటే ముందు 21 అంగుళాల స్పోక్ రిమ్ వేసి చూడండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ బండికి వచ్చే సైజే. సన్నటి పెద్ద చక్రం పడితే సగం చాపర్ అయిపోయినట్టే.

నిజాంపేట్_థండర్:

అందరికీ థాంక్స్. ఆర్సీ బాబాయ్, మీ పోస్ట్ మా ఇంట్లో ఎవరూ చూడకుండా చూసుకుంటా.

టర్నర్ అన్నా, ఆరు మానేశా. కొలిచా కూడా: రేక్ 27 కన్నా కొంచెం ఎక్కువే ఉంది, మిగతావి నువ్వు చెప్పినంతే. రెండంగుళాల స్లగ్గుతో పాటు గాజువాక అన్న చెప్పిన 21 చక్రం కూడా పెడితే? ఇంకోటి, ఫోర్క్ ఆయిల్ కంపెనీ చెప్పినంత పోస్తే సరిపోతుందా?

బాలానగర్_టర్నర్:

రెండూ కలిపితే ముందు భాగం 60 మి.మీ. పైన లేస్తది. 80/90-21 టైరుకు లెక్క చూసిన, ట్రెయిల్ 135 దాక పోతది. అంటే నాలుగంగుళాలు పెంచినట్టే. రోజూ మాదాపూర్ పోయేటోనికి రెండిట్ల ఒక్కటే చెప్త నేను. చక్రం ముందు వెయ్యి, నచ్చకపోతే ఎనుకకు తీసుకోవచ్చు. హబ్‌కు స్పోకుల బొక్కలు ఎన్నున్నయో లెక్కపెట్టి రిమ్ కొను. మడ్‌గార్డ్ ఎత్తు కూడ చూసుకో.

స్లగ్గే అయితే: నీ ఫోర్క్‌ల డ్యాంపర్ రాడ్ (ఊగుడు ఆపే లోపలి కడ్డీ) కింద బాటమ్‌కు బిగించి ఉంటది, అది పైకి రాదు. పైపు రెండంగుళాలు పెరిగితే స్ప్రింగు పైన అంతే పొడవు స్పేసర్ (గొట్టం ముక్క) పెట్టాలె, లేకుంటే బండి ఎక్కంగనే ముక్కు కూలబడుతది. ఆయిల్ మిల్లీలీటర్లల్ల పొయ్యకు. పాత ఫోర్క్ ఇప్పకముందే స్ప్రింగు తీసి, పైపు పూర్తిగ కిందికి నొక్కి, పైనుంచి ఆయిల్ దాక ఎంత ఖాళీ ఉన్నదో స్టీలు స్కేలుతోటి కొలిచి రాసిపెట్టుకో. కొత్తదాంట్ల గదే ఖాళీ వచ్చేదాక పొయ్యి, ఫోర్క్ రెండు కాళ్ళకు సమానంగ. ఆయిల్ సీళ్ళు ఎట్లాగూ ఇప్పుతవు, కొత్తవి వేసెయ్యి. స్లగ్గు చేసెటాయన మర ఎంత లోతు తీస్తడో అడిగి ఇక్కడ రాయి, నేను చూసి చెప్త.