పాడెల్‌లో గోడకు తగిలి మా వైపుకే తిరిగొచ్చిన బంతి: పాయింటు ఎవరిది?

పాడెల్ (చుట్టూ అద్దాలు, ఇనుప జాలీ గోడలున్న కోర్టులో ఆడే, టెన్నిస్ లాంటి ఆట) నియమాలు తెలిసినవారు చెప్పగలరా? బంతి అవతలి కోర్టులో ముందు నేలకు తగలాలి, ఆ తర్వాతే గోడకు. ఇంతవరకు అర్థమైంది. సర్వీసు బౌన్స్ అయ్యాక అద్దానికి తగిలితే చెల్లుతుంది, ఇనుప జాలీకి తగిలితే ఫాల్ట్; ర్యాలీలో మాత్రం జాలీకి తగిలినా ఆడాల్సిందే. (జాలీకి తగిలిన బంతి ఎటు పోతుందో ఆ దేవుడికే తెలియాలి!)

మా గొడవ వేరే. నేను కొట్టిన స్మాష్ అవతల ఒకసారి నేలకు తగిలి, వెనుక అద్దాన్ని తాకి, నెట్ మీదుగా మళ్ళీ మా వైపు వచ్చేసింది. ప్రత్యర్థి నెట్‌ను తాకకుండా చెయ్యి చాచి, మా వైపు గాలిలో ఉన్న బంతిని కొట్టాడు. ఇది చెల్లుతుందా? అతను కొట్టకపోయి ఉంటే, బంతి మా నేలను తాకగానే పాయింటు మాదేనా? మేము దాన్ని ముందే ఆపితే ఏమవుతుంది?